టీకా తర్వాత పిల్లి కడుపు చెడితే

సూది వేయించి ఇంటికి తెచ్చిన పిల్లి సాయంత్రానికి వాంతి చేసుకుంటుంది. మర్నాడు పలచగా విరేచనమవుతుంది. మూడోనాడు గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి వెళ్లిపోతుంది. ఇంట్లోవాళ్లకు వెంటనే తోచే మాట ఒకటే: "టీకా పడలేదు." ఆ మాట కొన్నిసార్లు పూర్తిగా నిజం. కొన్నిసార్లు సగమే నిజం. మరికొన్నిసార్లు అసలు జబ్బు ఆ మాట చాటున పెరిగి ప్రాణం మీదికి తెస్తుంది.

కడుపు చెడిన పిల్లిని చూసుకోవడం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం రెండు కొసల నుంచి వస్తాయి. టీకా వల్ల ఏమీ కాదు, కంగారు పడొద్దు అనేది ఒకటి. ఇక జన్మలో టీకా జోలికి వెళ్లొద్దు అనేది రెండోది. పిల్లికి రెండూ పనికిరావు. లక్షణం ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు నిలిచింది అన్నదాన్ని బట్టి చేయవలసిన పని మారిపోతుంది. తొలి గంటల్లో వచ్చేది ఒక రకం ప్రమాదం. మొదటి రెండు మూడు రోజుల్లో ఉండేది చాలావరకు ఓపికతో ఇంట్లో దాటించగల ఇబ్బంది. ఆ తర్వాత కూడా సాగేది ఏదైనా, టీకాను తిట్టుకుంటూ కూర్చోకుండా కారణం వెతకవలసిన రోగం. ఇప్పటివరకు తెలిసిన విషయాలను ఈ కాలక్రమంలోనే పరిశీలిద్దాం.

ఎన్ని పిల్లులకు, ఎలాంటి రియాక్షన్

పిల్లుల టీకా రియాక్షన్ల మీద జరిగిన పెద్ద పరిశీలనల్లో ఒకటి అమెరికా పశువైద్య పత్రికలో 2007లో వచ్చింది. అక్కడి ఒక ఆసుపత్రుల గొలుసులో 2002 నుంచి 2005 వరకు టీకాలు వేయించుకున్న 4,96,189 పిల్లుల రికార్డులను అందులో పరిశీలించారు. వాటికి వేసిన డోసులు 12,58,712. టీకా తర్వాత 30 రోజుల్లోపు నమోదైన రియాక్షన్లు 2,560. అంటే ప్రతి 10,000 పిల్లుల్లో దాదాపు 52కి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది నీరసం, దానితో పాటు కొన్నిసార్లు జ్వరం. సూది వేసిన చోట నొప్పి, వాపు దాని తర్వాతి స్థానంలో ఉన్నాయి. వాంతులు నమోదైనవి సుమారు పదింట ఒక వంతు.

ఈ అంకెల్లో రెండు మాటలున్నాయి. మొదటిది, రియాక్షన్ అరుదు. రెండోది, రియాక్షన్ వచ్చిన పిల్లుల్లో కడుపు సంబంధమైన లక్షణం అంత అరుదేమీ కాదు. "టీకాకూ వాంతికీ సంబంధమే లేదు" అని కొట్టిపారేసే డాక్టరు మాట ఎంత తప్పో, "ప్రతి వాంతీ టీకా వల్లే" అనే యజమాని మాటా అంతే తప్పు. ఒకే రోజున వేసే టీకాల సంఖ్య పెరిగేకొద్దీ రియాక్షన్ అవకాశం పెరుగుతుందనీ, సుమారు ఏడాది వయసున్న పిల్లుల్లో అది ఎక్కువనీ అదే పరిశీలన తేల్చింది. తర్వాతి టీకా గురించి ఆలోచించేటప్పుడు ఈ విషయం అక్కరకు వస్తుంది.

పేగుల మీదే ఎందుకు

తీవ్రమైన అలర్జీ వచ్చినప్పుడు ప్రతి జంతువులోనూ కొన్ని అవయవాలు ముందుగా దెబ్బతింటాయి. కుక్కల్లో కాలేయం, పేగులు. పిల్లుల్లో ఊపిరితిత్తులు, పేగులు. వాటి గోడల్లో మాస్ట్ కణాలు దండిగా ఉంటాయి. టీకాలోని ఏదో ఒక పదార్థాన్ని శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకుని ఉంటే, అది మళ్లీ లోపలికి రాగానే ఈ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. పేగుల కండరాలు బిగుసుకుంటాయి, రక్తనాళాల నుంచి నీరు కారుతుంది, రక్తపోటు పడిపోతుంది. పిల్లి హఠాత్తుగా వాంతి చేసుకోవడం, నీళ్ల విరేచనాలు కావడం, కొన్నిసార్లు అందులో రక్తం కనిపించడం దీనివల్లే.

శరీరం ఎదురు తిరిగేది చాలాసార్లు టీకాలోని వైరస్ మీద కాదు. కణాలను పెంచడానికి వాడిన దూడ సీరంలోని ప్రోటీన్లు, నిలవ ఉండడానికి కలిపిన జెలటిన్ వంటివి కారణమని జపాన్‌లో కుక్కల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. ఒక కంపెనీ టీకాకు రియాక్షన్ వచ్చిన జంతువు మరో కంపెనీ టీకాను తట్టుకోవడానికి ఇదొక కారణం కావచ్చు.

అలర్జీ కాని మామూలు స్పందన ఇంకొకటి ఉంది. టీకా వేశాక రోగనిరోధక వ్యవస్థ మేల్కొంటుంది. ఆ పనిలో ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడుతుంది, ఆకలి తగ్గుతుంది, పిల్లి మంచం కిందికి చేరి పడుకుంటుంది. ఇది హాని చేసేది కాదు. అయితే ఈ నీరసంలో పిల్లి తిండి, నీళ్లు మానేస్తే కడుపు అసలే కుదురుకోదు. ఇంట్లో చేసే సేవకు విలువ వచ్చేది ఇక్కడే.

తొలి గంటలు: ఇంటి వైద్యానికి చోటు లేదు

అనాఫిలాక్సిస్ అనే ఆ తీవ్రమైన అలర్జీ సాధారణంగా నిమిషాల్లో, లేదా కొద్ది గంటల్లో వస్తుంది. అందుకే టీకా వేయించాక కనీసం అరగంట ఆసుపత్రిలోనే కూర్చోవడం మంచిది. ఇంటికి వచ్చాక వాంతి ఒక్కసారి అయి, పిల్లి మళ్లీ మామూలుగా తిరుగుతుంటే గమనిస్తూ ఉండొచ్చు. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా పిల్లిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

- నోరు తెరిచి ఊపిరి తీయడం, లేదా పడుకుని ఉన్నప్పుడు నిమిషానికి 40కి మించి శ్వాస తీయడం
- చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, నీలంగా మారడం
- ముఖం, కళ్ల చుట్టూ వాపు. ముఖాన్ని ఆపకుండా గోక్కోవడం
- వెంటవెంటనే వాంతులు, నీళ్ల విరేచనాలు, రక్తం
- కాళ్లు తడబడడం, కూలబడిపోవడం

అక్కడ మొదట పడవలసిన మందు ఎపినెఫ్రిన్. దానికి తోడుగా ఆక్సిజన్, నరం ద్వారా సెలైన్. అలర్జీ సూది, స్టెరాయిడ్ సూది తర్వాతి వరసలోవి. అవి నెమ్మదిగా పనిచేస్తాయి కాబట్టి ప్రాణాపాయంలో ఎపినెఫ్రిన్‌కు బదులు కాలేవు. టీకాలు వేసే ప్రతి క్లినిక్‌లో ఆ మందు చేతికందేలా ఉండాలి. టీకాకు ముందే "రియాక్షన్ వస్తే ఏర్పాటు ఉందా డాక్టర్ గారూ?" అని అడగడం మర్యాద తప్పినట్టు కాదు.

ఇంట్లో ఉన్న మనుషుల మందులను మాత్రం ముట్టుకోకూడదు. జ్వరంగా ఉందని పారాసిటమాల్ ఇవ్వడం పిల్లి ప్రాణం తీస్తుంది. ఆ మందును విడగొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది. ఒక్క మాత్ర చాలు చంపడానికి. చాలా జలుబు మాత్రల్లో అలర్జీ మందుతో పాటు పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది కనుక వాటికీ ఇదే వర్తిస్తుంది. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, విరేచనాలు ఆపే మనుషుల మాత్రలు కూడా వద్దు. కడుపు నొప్పికి మన ఇళ్లలో అలవాటైన వెల్లుల్లి, ఇంగువ, వాము నీళ్లు, ఒంటికి రాసే కర్పూరం, నీలగిరి తైలం పిల్లికి దూరంగా ఉంచాలి. ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి.

మొదటి మూడు రోజులు: తిండి, నీళ్లు, నిశ్శబ్దం

ఒకటి రెండు వాంతులు, కొంచెం పలచని విరేచనం, తగ్గిన ఆకలి. పిల్లి చుట్టూ చూస్తోంది, పిలిస్తే చెవి తిప్పుతోంది, చిగుళ్లు గులాబీ రంగులో తడిగా ఉన్నాయి. ఇలాంటప్పుడు డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి ఇంట్లోనే చూసుకోవచ్చు.

పాత పద్ధతిలో కడుపుకు విశ్రాంతి పేరుతో 24 గంటలు పస్తు పెట్టేవారు. పిల్లుల విషయంలో ఆ సలహాను ఇప్పుడు చాలామంది వైద్యులు వదిలేశారు. పిల్లి పూర్తి మాంసాహారి. తిండి ఆగిపోతే దాని శరీరం కొవ్వును కరిగించి కాలేయానికి తోసేస్తుంది. కాలేయం దాన్ని మోయలేక కొవ్వుతో నిండిపోతుంది. హెపాటిక్ లిపిడోసిస్ అనే ఈ స్థితి బొద్దుగా ఉన్న పిల్లుల్లో కొద్ది రోజుల పస్తుతోనే మొదలుకావచ్చు. చిన్న రియాక్షన్‌గా మొదలైనది ప్రాణాంతకంగా మారే దారుల్లో ఇది ముఖ్యమైనది. పెద్ద పిల్లి 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టరుకు చెప్పాలి. రెండో రోజూ తినకపోతే తీసుకెళ్లి తీరాలి. పిల్లి పిల్లలకు అంత గడువు కూడా లేదు. పూట గడిస్తే చాలు, వాటి రక్తంలో చక్కెర పడిపోతుంది.

వాంతి ఆగిన రెండు మూడు గంటల తర్వాత కొంచెం కొంచెంగా తిండి మొదలుపెట్టాలి. తోలు తీసిన కోడి బ్రెస్ట్ ముక్కను ఉప్పు, పసుపు, కారం, ఉల్లి ఏవీ లేకుండా మెత్తగా ఉడికించాలి. వేళ్లతో సన్నని పీచులుగా విడదీయాలి. ఉడికిన నీళ్లు రెండు చెంచాలు పోసి, గోరువెచ్చగా ఉన్నప్పుడే లోతు లేని పళ్లెంలో ఒక చెంచాడు మాత్రం పెట్టాలి. పిల్లికి ఆకలిని లేపేది వాసన. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని ముక్కకు వాసన ఉండదు కాబట్టి జబ్బు పిల్లి దాన్ని పట్టించుకోదు. చెంచాడు తిని, గంట గడిచినా కక్కకపోతే ఇంకొంచెం. నాలుగు కిలోల పిల్లికి విశ్రాంతిలో రోజుకు కావలసిన శక్తి సుమారు 200 కేలరీలు. ఉడికించిన బ్రెస్ట్ ముక్కలో చెప్పుకుంటే దాదాపు 120 గ్రాములు. దాన్ని ఆరు భాగాలు చేస్తే పూటకు 20 గ్రాములు. తొలిరోజు అందులో మూడో వంతు కడుపులో నిలిచినా మంచి మొదలే. మూడో రోజుకు మామూలు తిండిని కొంచెం కొంచెం కలుపుతూ, వారం లోపల పూర్తిగా పాత తిండికి రావాలి.

వారం దాటి ఉట్టి కోడి మాంసం మీదే ఉంచకూడదు. అందులో కాల్షియం చాలదు, ఉడికించిన నీళ్లు పారబోస్తే టారిన్ కూడా పోతుంది. టారిన్ లోపిస్తే పిల్లి చూపు పోతుందని 1975లోనూ, గుండె కండరం సడలిపోతుందని 1987లోనూ శాస్త్రవేత్తలు నిరూపించారు. పిల్లుల తయారీ ఆహారంలో టారిన్ ప్రత్యేకంగా కలుపుతున్నది అందుకే.

పెరుగన్నం గురించి ప్రతి తెలుగింట్లోనూ అడుగుతారు. మన కడుపుకు చలవ చేసినట్టే పిల్లికీ చేస్తుందని నమ్మకం. తల్లిపాలు మానాక పిల్లి పేగుల్లో పాల చక్కెరను అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది. అందుకే విరేచనాలవుతున్న పిల్లికి పాలు పోస్తే అవి ఎక్కువవుతాయి. పెరుగులో ఆ చక్కెర కొంత తక్కువే అయినా, పెరుగన్నం పిల్లికి మాంసం లోటును తీర్చలేదు. అలవాటున్న పిల్లి ఒక చెంచా నాకితే ప్రమాదం లేదు. దాన్నే వైద్యమనుకోవడం మాత్రం పొరపాటు.

నాలుగు కిలోల పిల్లికి తిండిలోనిదీ తాగేదీ కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. పొడి గుళికల ఆహారంలో నీరు పదో వంతే. తడి ఆహారంలో ముప్పావు వంతు దాకా ఉంటుంది. అందువల్ల ఈ రోజుల్లో తడి తిండే మేలు. వేసవిలో మన ఊళ్లలో ఇది రెట్టింపు ముఖ్యం. రెండు మూడు చోట్ల వెడల్పు గిన్నెల్లో నీళ్లు పెట్టాలి. సిరంజితో బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చిగురును వేలితో తాకితే జిగటగా తగలడం, మెడ వెనక చర్మాన్ని పైకి లాగి వదిలితే మెల్లగా దిగడం నీరు తగ్గిందనడానికి గుర్తులు. అప్పుడు చర్మం కింద సెలైన్ ఎక్కించడం డాక్టరు చేసే చిన్న పని. దానితోనే చాలా పిల్లులు లేచి కూర్చుంటాయి.

ఇక నిశ్శబ్దం. చుట్టాలు, టీవీ, ఇంటి కుక్క లేని ఒక గది, అందులో మట్టి ట్రే, నీళ్లు, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. పిల్లి కడుపు మీద భయం చేసే పని తక్కువ కాదు.

అదే వారంలో కలిసొచ్చే ఇతర కారణాలు

టీకా రోజున పిల్లి జీవితంలో జరిగేది టీకా ఒక్కటే కాదు. బుట్టలో పెట్టి ఆటోలో తీసుకెళ్తాం. వీధి హారన్లు, క్లినిక్‌లో కుక్కల అరుపులు, ముక్కుకు తెలియని వాసనలు. అలవాటు తప్పిన సంఘటనలు ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో కూడా వాంతి, తిండి తగ్గడం, ట్రే బయట విసర్జించడం వంటి జబ్బు లక్షణాలను తెస్తాయని 2011లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. 32 పిల్లులను 77 వారాల పాటు గమనించి చెప్పిన మాట అది. సూది గుచ్చకుండా ఊరికే తీసుకెళ్లి తెచ్చినా కొన్ని పిల్లులు వాంతి చేసుకుంటాయన్నమాట.

నులిపురుగుల మందు రెండోది. చాలా చోట్ల టీకాతో పాటే, లేదా దానికి కొద్ది రోజుల ముందు ఆ మందు పడుతుంది. మందు వల్లా, చచ్చిన పురుగుల వల్లా ఒకటి రెండు రోజులు విరేచనం పలచబడొచ్చు. కొత్తగా ఇంటికి తెచ్చిన పిల్ల అయితే అదే వారంలో తిండి కూడా మారి ఉంటుంది.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. పిల్లుల పార్వో అని మనవాళ్లు పిలిచే పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి సాధారణంగా రెండు నుంచి పది రోజులు పడుతుంది. వీధిలోంచి తెచ్చిన మూడు నెలల పిల్లను తీసుకోండి. శనివారం తెచ్చారు, సోమవారం టీకా వేయించారు, గురువారం వాంతులు, విరేచనాలు, నీళ్ల గిన్నె ముందు తలవాల్చి కూర్చోవడం. ఇంట్లోవాళ్లు టీకా రియాక్షన్ అనుకుని రెండు రోజులు ఆగితే పిల్ల దక్కకపోవచ్చు. వైరస్ ఆ పిల్లలోకి వీధిలోనే చేరింది. టీకా దాన్ని అడ్డుకునేంత సమయం దొరకలేదు. టీకా వేసిన కొద్ది రోజుల్లో మలంతో చేసే రాపిడ్ టెస్టులో టీకా వైరస్ వల్ల కూడా సన్నని గీత కనిపించవచ్చు. కాబట్టి ఆ ఒక్క టెస్టు మీదే ఆధారపడకుండా తెల్ల రక్తకణాల లెక్క, పిల్ల పరిస్థితి కలిపి చూడాలి. కణాలు బాగా పడిపోయి ఉంటే టీకాను నిందిస్తూ ఆగే పని లేదు, ఆసుపత్రిలో చేర్చవలసిందే.

మన ఇళ్లకే ప్రత్యేకమైనవి మరికొన్ని ఉన్నాయి. పూలదండ దారం, మాంసం పొట్లం కట్టిన దారం పిల్లికి ఆటవస్తువులు. మింగిన దారం పేగులను కుచ్చిళ్లలా ముడిచి, కోసేస్తుంది. నాలుక కింద దారం చుట్టుకుందేమో చూడాలి. కనిపిస్తే లాగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బల్లులను వేటాడే పిల్లికి వాటి ద్వారా కాలేయపు నాళాల్లో చేరే పురుగు వల్ల వాంతులు, కామెర్లు రావచ్చు. ఇవన్నీ టీకా వారంలోనూ జరుగుతాయి, టీకా లేని వారంలోనూ జరుగుతాయి.

మందుల విషయంలో మారుతున్న అభిప్రాయం

విరేచనాలు అనగానే మెట్రోనిడజోల్ రాయడం ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. ఇప్పుడు ఆ అలవాటు మీద గట్టి ప్రశ్నలు వచ్చాయి. ఈ మందు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను వారాల తరబడి చెదరగొడుతుందని కుక్కల్లో చూపించారు. పిల్లి పిల్లల్లో ఇతర యాంటీబయాటిక్స్ కూడా ఇలాంటి మార్పులే తెచ్చాయి. జ్వరం, రక్తం, తెల్లకణాల పతనం వంటి కారణం లేకుండా, రియాక్షన్ తర్వాత పలచబడిన విరేచనానికి యాంటీబయాటిక్ అవసరం లేదు. చాలావరకు అది దానంతటదే సర్దుకుంటుంది. ప్రిస్క్రిప్షన్‌లో ఆ మందు కనిపిస్తే "ఎందుకండీ?" అని అడిగే హక్కు యజమానికి ఉంది.

ప్రోబయోటిక్స్ విషయంలో ఆశాజనకమైన ఆధారం కొంత ఉంది. ఎంటెరోకోకస్ ఫీషియం ఎస్ఎఫ్68 అనే రకాన్ని ఒక జంతు సంరక్షణ కేంద్రంలోని పిల్లులకు పెట్టి చూసిన 2011 నాటి అధ్యయనంలో, రెండు రోజులు లేదా అంతకు మించి విరేచనాలు సాగినవి ప్రోబయోటిక్ పడిన గుంపులో 7.4 శాతం, పడని గుంపులో 20.7 శాతం. అవి టీకా రియాక్షన్ వచ్చిన పిల్లులు కావు. అయినా హాని తక్కువ, మేలుకు అవకాశం ఉంది కాబట్టి డాక్టరుతో మాట్లాడి జంతువుల కోసం తయారైనది వాడొచ్చు.

విరేచనం ఆగాక కొన్ని పిల్లులకు మలబద్ధకం మొదలవుతుంది. నీళ్లు తక్కువై, మూడు రోజులు సరిగా తినక గట్టిపడుతుంది. మన మందుల షాపుల్లో దొరికే ఇసబ్‌గోల్ పొట్టు తడి తిండిలో చిటికెడు కలిపితే మేలు చేయొచ్చు. అయితే నీళ్లు చాలినన్ని అందుతున్నప్పుడే. ఎండిన పిల్లికి పీచు పెడితే అది లోపల ఇంకా బిగుస్తుంది. గుమ్మడికాయ గుజ్జుకు ఉన్న పేరంత ఆధారం లేదు. రెండు రోజులు దాటి మలం రాకుండా ట్రేలో ముక్కుతుంటే చూపించాలి. మగపిల్లి ముక్కుతుంటే అది మలం కోసమా, మూత్రం కోసమా అన్నది ముందు తేల్చుకోవాలి. మూత్రం ఆగిపోతే గంటల్లో ప్రాణాపాయం.

వాంతికి మారోపిటాంట్, ఆకలికి మిర్టజపిన్ వంటి మందులు ఇప్పుడు పిల్లి వైద్యంలో స్థిరపడ్డాయి. చెవి లోపలి చర్మానికి రాసే మిర్టజపిన్ లేపనాన్ని అమెరికా 2018లో పిల్లుల కోసం ఆమోదించింది. వీటికి డాక్టరు చీటీ కావాలి. ఒకటి రెండు డోసులతో వాంతి ఆపి తిండి మొదలయ్యేలా చేస్తే కాలేయం మీద పడే భారం తప్పుతుంది.

వారాలు గడిచినా తగ్గకపోతే

మూడు వారాలు దాటిన వాంతులను, విరేచనాలను వైద్యులు దీర్ఘకాలిక జబ్బుగా లెక్కిస్తారు. ఇక్కడికి వచ్చాక టీకా తేదీ ఒక ఆనవాలుగా మాత్రమే మిగులుతుంది. టీకా పిల్లుల్లో ఏళ్ల తరబడి సాగే పేగు జబ్బును పుట్టిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. అప్పటికే లోపల ఉన్న జబ్బు ఆ నీరసపు వారంలో బయటపడడం మాత్రం జరుగుతుంది.

వెతకవలసిన క్రమం ఇది. మొదట తాజా మలంలో జియార్డియా, నులిపురుగులు, ట్రైట్రైకోమోనాస్. తర్వాత రక్తపరీక్షలు: మూత్రపిండాలు, కాలేయం, క్లోమం, పదేళ్లు దాటిన పిల్లిలో థైరాయిడ్. ఆపైన పొట్ట స్కానింగ్. చిన్న ఊళ్లలో పశువుల ఆసుపత్రులు ప్రధానంగా ఆవులు, గేదెలు, గొర్రెల కోసం ఏర్పడ్డవి. అక్కడి డాక్టరు పిల్లిని చూసినా అన్ని పరీక్షలూ ఉండవు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు రెఫరల్ అడగడం ఒక దారి.

పరీక్షల్లో పెద్దగా ఏమీ తేలకపోతే తిండి మార్చి చూడడం అతి విలువైన ప్రయోగం. దీర్ఘకాలంగా కడుపు బాగోలేని 55 పిల్లుల మీద 2001లో వచ్చిన అధ్యయనంలో 16 పిల్లులకు ఆహారమే పడటం లేదని తేలింది. ఆ ఆహారం మళ్లీ పెట్టగానే వాటికి లక్షణాలు తిరిగొచ్చాయి. ఇంకో 11 పిల్లులు కొత్త తిండితో బాగుపడి, పాత తిండి మళ్లీ పెట్టినా బాగానే ఉన్నాయి. అంటే సగం దాకా పిల్లులకు తిండి మార్పుతోనే ఉపశమనం కలిగింది. అదీ చాలావాటికి కొద్ది రోజుల్లోనే. ఎన్నడూ తినని ఒకే మాంసంతో, లేదా పశువైద్యులు రాసే, ప్రోటీన్లను ముందే విడగొట్టిన హైడ్రొలైజ్డ్ ఆహారంతో రెండు మూడు వారాలు వేరే చిరుతిండి ఏదీ లేకుండా నడపాలి. ఇంట్లో ఒకరు జాలిపడి పాల చుక్క పోస్తే ప్రయోగం చెడుతుంది.

పేగు జబ్బు ముదిరిన పిల్లుల్లో బి12 విటమిన్ పడిపోతుంది. అది తక్కువగా ఉన్నంత కాలం మందులు సరిగా పనిచేయకపోవచ్చు. రక్తంలో చూసుకుని సూదిగానో, మాత్రగానో అందించాలి. ఇవేవీ ఫలించకపోతే పేగు ముక్క పరీక్ష, స్టెరాయిడ్లు. వయసు మళ్లిన పిల్లుల్లో పేగుల లింఫోమా ఇదే రూపంలో కనబడుతుంది కనుక ఆ పరీక్షను ఏళ్లకు ఏళ్లు వాయిదా వేయకూడదు.

తర్వాతి టీకా వేయించాలా

భయపడ్డ యజమాని అడిగే చివరి ప్రశ్న, అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. జవాబు రియాక్షన్ తీవ్రతను బట్టి ఉంటుంది.

ఒకసారి వాంతి, ఒకరోజు నీరసం మాత్రమే అయితే టీకా ఆపనక్కర్లేదు. ఒకే రోజున అన్నీ కలిపి వేయకుండా రేబీస్‌ను ఒకసారి, పాన్‌ల్యూకోపీనియా, హెర్పీస్, కాలిసీ అనే మూడు రోగాల టీకాను మూడు నాలుగు వారాల తేడాతో ఇంకోసారి వేయించొచ్చు. ఉదయం పూట వేయిస్తే రాత్రిలోగా గమనించే సమయం దొరుకుతుంది. ప్రయాణానికే బెదిరే పిల్లికి ముందుగా గాబాపెంటిన్ ఇవ్వమని డాక్టరును అడగొచ్చు. వీలైతే వేరే కంపెనీ టీకా. ముఖం వాపు, పదే పదే వాంతుల దాకా వెళ్లి ఉంటే టీకాకు ముందు అలర్జీ మందు వేసి, కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి. ప్రాణం మీదికి వచ్చిన పిల్లికి అదే టీకా మళ్లీ వేయడం గురించి డాక్టరు, యజమాని కూర్చుని తూచి చూసుకోవాలి.

ప్రపంచ చిన్నజంతు పశువైద్య సంఘం 2024 మార్గదర్శకాలు కూడా మితంగా వాడమనే చెబుతున్నాయి. పిల్లప్పుడు 16 వారాల వయసు దాటేదాకా వరసగా డోసులు, ఆరు నెలలకు దగ్గరలో ఒకటి, ఆ తర్వాత ప్రమాదం తక్కువగా ఉన్న ఇంటి పిల్లికి ఈ మూడు రోగాల టీకా మూడేళ్లకొకసారి. ప్రతి ఏడూ అన్నీ వేయించాలన్న పట్టింపు అవసరం లేదు. పాన్‌ల్యూకోపీనియాకు రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో లేదో పరీక్షించుకుని, ఉంటే ఆ డోసు మానుకునే వీలుంది. హెర్పీస్, కాలిసీ వైరస్‌లకు ఆ పరీక్ష అంత నమ్మదగింది కాదు.

రేబీస్ మాట వేరు. ఆ జబ్బు తిరుగుతున్న మన దేశంలో అది పిల్లికి తప్పనిసరి టీకా. లక్షణాలు మొదలైతే పిల్లి అయినా, అది కరిచిన మనిషి అయినా బతకడం దాదాపు అసాధ్యం. బాల్కనీ దూకి వీధిలో ఒక్క రాత్రి గడిపి వచ్చే పిల్లి ఉన్న ఇంట్లో, ఒకరోజు వాంతులకు భయపడి ఆ టీకాను మానేయడం ఇంటిల్లిపాదికీ ప్రమాదం.

యజమాని చేతిలో ఉన్న ఆధారం

ఈ సమస్యలో పశువైద్యుడికి అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడేది యజమాని రాసిన ఒక కాగితం. టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసిన చోటు, గంట. అదే రోజు ఇంకేం మందు పడింది. మొదటి వాంతి ఎన్ని గంటలకు, అందులో ఏముంది. విరేచనం ముద్దగానా, నీళ్లగానా. ఎంత తింది, బరువు ఎంత. సీసా మీది స్టిక్కర్‌ను టీకా పుస్తకంలో అతికించమని అడగాలి. రియాక్షన్ నిజమైనదైతే ఆ వివరాలతో డాక్టరు తయారీదారుకు తెలియజేయాలి. అలా రాసి పంపిన మాటలే మిగతా పిల్లుల టీకాలను సురక్షితం చేస్తాయి. నోటి మాటగా వాడంతా తిరిగే భయం ఎవరికీ ఉపయోగపడదు.

ఆ కాగితమే రెండు తప్పుల నుంచి కాపాడుతుంది. మూడో గంటలో ముఖం వాచిన పిల్లిని "మామూలేలే" అని వదిలేయకుండా చేస్తుంది. పదో రోజున విరేచనాలు మొదలైన పిల్లికి "టీకా పడలేదు" అన్న పేరు పెట్టి, లోపలి పార్వోనో, దారం ముక్కనో వదిలేయకుండా చేస్తుంది. పిల్లి తన బాధను దాచుకునే జంతువు. దానికి ఎప్పుడు ఏమైందో గంటలతో సహా చెప్పగలిగేది దాన్ని పెంచుకుంటున్న మనమే. ఆ పని శ్రద్ధగా చేస్తే వైద్యం సగం దారిలోనే మొదలవుతుంది. చేయకపోతే ఎంత మంచి డాక్టరైనా ఊహ మీదే మందు రాయవలసి వస్తుంది.